ఎంత వేగంగా మారుతోందో తెలిస్తే, ఎప్పుడు జరుగుతుందో తెలిసినట్టేనా?

యాగంటి బసవన్న ఇరవై ఏళ్ళకు ఒక అంగుళం చొప్పున పెరుగుతున్నాడని బనగానపల్లె వైపు ఎవరిని అడిగినా చెబుతారు. పురావస్తు శాఖ వాళ్ళే ఈ లెక్క తేల్చారని కూడా కలుపుతారు. ఒకప్పుడు విగ్రహం చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్ళమనీ, ఇప్పుడు మండపం స్తంభాలకూ బసవన్నకూ మధ్య మనిషి పట్టడనీ పెద్దవాళ్ళు అంటారు. కలియుగాంతంలో ఈ బసవన్న లేచి రంకె వేస్తాడని బ్రహ్మంగారు చెప్పినట్టు సీమలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

నమ్మకం జోలికి నేను పోవడం లేదు. కానీ ఈ ఒక్క కథలో భూవిజ్ఞానం చేసే రెండు పనులూ ఉన్నాయి. ఏదైనా ఎంత వేగంగా మారుతోందో కొలవడం ఒకటి, రాబోయేది ఎప్పుడు వస్తుందో చెప్పడం రెండోది. మొదటిది తెలిస్తే రెండోది దానంతటదే తెలిసిపోతుందని మనలో చాలామంది అనుకుంటాం. "ఈ లెక్కన పోతే ఇంకో యాభై ఏళ్ళలో..." అని పేపర్లో మొదలయ్యే వార్తలన్నీ ఆ భరోసా మీదే నడుస్తాయి. కొన్ని విషయాల్లో అది నిజమే. చాలా విషయాల్లో కాదు. ఎక్కడ నిజమో ఎక్కడ కాదో చూడటానికి ఉమ్మడి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాలు దాటి పెద్దగా వెళ్ళక్కర్లేదు.

ముందు ఆ అంగుళం సంగతి చూద్దాం. అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు. ఇరవై ఏళ్ళకు భాగిస్తే ఏడాదికి 1.27 మిల్లీమీటర్లు. దీన్ని నిజంగా కొలవాలంటే ఏం చేయాలి? టేపు పట్టుకుని వెళ్తే కుదరదు. రాయి ఎండకు వ్యాకోచిస్తుంది. గ్రానైటు లాంటి రాయి మూడు మీటర్ల పొడవుంటే, ఇరవై డిగ్రీల వేడి పెరిగినప్పుడు దాదాపు అర మిల్లీమీటరు సాగుతుంది. జనవరి తెల్లవారుజామున ఒకసారి, మే నెల మధ్యాహ్నం ఒకసారి కొలిచారనుకోండి, ఏడాది పెరుగుదలలో మూడో వంతుకు పైగా అక్కడే "కనబడిపోతుంది". అది పెరుగుదల కాదు, ఎండ. కాబట్టి ఏటా అదే నెలలో, అదే వేళలో, రాయి ఎంత వేడిగా ఉందో కూడా రాసుకుంటూ కొలవాలి.

ఇంకో చిక్కు ఉంది. పెరిగిందంటున్నది ఎత్తా, పొడవా, చుట్టుకొలతా? ఎక్కడి నుంచి కొలవాలి? నేల మీది నుంచి అంటే, ఆ నేలలో బండలు ఎన్నిసార్లు మార్చారో, మండపం ఎంత కుంగిందో కూడా లెక్కలోకి వస్తుంది. స్తంభానికీ విగ్రహానికీ మధ్య దూరం తగ్గితే విగ్రహమే పెరిగిందనడానికి లేదు, స్తంభం ఒరిగి ఉండొచ్చు కూడా. అందుకే కొలతల పని చేసేవాళ్ళు ముందు కదలని ఒక గుర్తును వెతుక్కుంటారు. కింద ఉన్న సహజమైన పరుపు బండలో ఒక బోల్టు దిగ్గొట్టి, అన్నీ దాని నుంచి కొలుస్తారు. దేనితో పోల్చి చెబుతున్నారో తెలియని వేగానికి అర్థం లేదు.

ఇది చాదస్తంగా అనిపిస్తే ఇంకో లెక్క చూడండి. భారత భూఫలకం మొత్తం ఈశాన్యం వైపు ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు జరుగుతోంది. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) ఆవరణలో ఉన్నటువంటి జీపీఎస్ స్టేషన్లు దీన్ని ఏళ్ళ తరబడి నమోదు చేస్తున్నాయి. ఆ లెక్కన కర్నూలు కొండారెడ్డి బురుజు గత ఇరవై ఏళ్ళలో మీటరు జరిగింది. బసవన్న మీద చెప్పే వేగానికి ఇది దాదాపు నలభై రెట్లు. అయినా ఒక్కరికీ కనిపించలేదు. బురుజుతో పాటు రాజ్‌విహార్ సెంటరు, తుంగభద్ర, మనం అందరం జరిగాం మరి.

పూడిక చెప్పిన రెండు జవాబులు

ఇప్పుడు అంత పవిత్రమూ కాని, అంత ప్రశాంతమూ కాని విషయానికి వద్దాం. తుంగభద్ర డ్యామ్. హెచ్చెల్సీ (ఎగువ కాలువ) మీద అనంతపురం, ఎల్లెల్సీ (దిగువ కాలువ) మీద, కేసీ (కర్నూలు-కడప) కాలువ మీద కర్నూలు, కడప రైతులు ఆధారపడిన డ్యామ్ ఇది. 1953లో దాని సామర్థ్యం సుమారు 133 టీఎంసీలు. ఏటా వరదతో పాటు వచ్చే ఒండ్రు అడుగున చేరి పూడిక అవుతుంది. 2008 సర్వేలో సామర్థ్యం 100.855 టీఎంసీలని తేలింది. అంటే 55 ఏళ్ళలో 32 టీఎంసీలు పోయాయి. ఏడాదికి 0.58 టీఎంసీ. అదే వేగంతో పోతే డ్యామ్ పూర్తిగా పూడిపోవడానికి అక్కడి నుంచి 170 ఏళ్ళ పైచిలుకు.

తర్వాత 2016లో ఇంకో సర్వే జరిగింది. ఈసారి సామర్థ్యం 105.788 టీఎంసీలని వచ్చింది. ఎనిమిదేళ్ళలో పూడిక తగ్గిందా? ఎవరూ తవ్వి పోయలేదు. పూడిక దానంతటది తగ్గే రకమూ కాదు. మారింది కొలిచిన పద్ధతి. పడవ మీద తిరుగుతూ లోతు తీసి, ఆ చుక్కల మధ్య గీతలు కలిపి లెక్కగట్టే సర్వే ఒకటి. పైనుంచి లేజర్‌తో ఒడ్డులన్నీ స్కాన్ చేసేది ఇంకొకటి. చుక్కలు ఎంత దగ్గరగా తీశారు, నీటిమట్టం ఎంత ఉన్నప్పుడు తీశారు అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

కొత్త అంకె పట్టుకుని మళ్ళీ లెక్క వేయండి. 63 ఏళ్ళలో 27 టీఎంసీలు, ఏడాదికి 0.43. ఈ వేగంతో డ్యామ్ పూడిపోవడానికి 245 ఏళ్ళు. కొలతలో ఐదు టీఎంసీల తేడా, జోస్యంలో డెబ్బై ఏళ్ళ తేడా అయి కూర్చుంది. నా దృష్టిలో ఈ వ్యాసం మొత్తంలో గుర్తుపెట్టుకోవలసిన అంకెలు ఇవే. కొలతలో చిన్న తప్పు, భవిష్యత్తులోకి ఎంత దూరం సాగదీస్తే అంత పెద్దదవుతుంది.

పైగా ఈ రెండు లెక్కలూ ఒకే అబద్ధం మీద నిలబడ్డాయి. పూడిక ఏటా ఒకే మోతాదులో రాదు. కరువు సంవత్సరంలో దాదాపు రాదు. ఒక్క పెద్ద వరద పదేళ్ళ ఒండ్రును మోసుకొస్తుంది. పైన అడవి నరికితే పెరుగుతుంది, పైన ఇంకో డ్యామ్ కడితే తగ్గుతుంది. శ్రీశైలం చూడండి. మొదట 308 టీఎంసీలన్నారు, తర్వాత రోజువారీ నివేదికల్లో పూర్తి సామర్థ్యం కింద 215 టీఎంసీలే వేసుకుంటూ వచ్చారు. తొంభై టీఎంసీలకు పైగా పోయాయి, కానీ ఏ ఏడాది ఎంత పోయిందో ఆ సగటు చెప్పదు.

మే నెలతో మే నెల

అనంతపురం రైతుకు మార్పు వేగం గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. బోరులో నీళ్ళు ఎన్ని అడుగులు దిగాయో ఆయనకు వేలి కొసల మీద ఉంటుంది. కానీ ఈ దిగడాన్ని కొలవడంలో ఒక ఉచ్చు ఉంది.

భూగర్భజల శాఖ పిజోమీటర్లనే కొలత బోర్లు వేసి నీటిమట్టం చూస్తుంది. ఆ లెక్కలు గీతగా గీస్తే రంపం పళ్ళలా పైకీ కిందకీ నడుస్తుంది. వానలకు లేస్తుంది, ఎండాకాలానికి పడుతుంది. డిసెంబరు నుంచి మే వరకు చూసి మాట్లాడేవాడికి జిల్లా ఎడారి అయిపోతున్నట్టు, జూన్ నుంచి అక్టోబరు దాకా చూసినవాడికి జలధార పొంగుతున్నట్టు ఉంటుంది. ఇద్దరూ నిజమే చెబుతుంటారు, ఇద్దరి మాటా పనికిరాదు. మే నెలను మే నెలతోనే పోల్చాలి, అదీ వరసగా చాలా ఏళ్ళు. ఇంకా ఖచ్చితంగా కావాలంటే ఆ ఏడాది పడ్డ వానను కూడా పక్కన పెట్టుకుని చూడాలి. మంచి వాన పడ్డ ఏడాది కూడా మట్టం కిందటేడు కన్నా కిందే ఉందంటే, అప్పుడు తోడకం ఎక్కువైందని ధైర్యంగా అనొచ్చు.

ఇక్కడి రాయి గుణం ఈ ఊగిసలాటను ఇంకా పెంచుతుంది. అనంతపురంలో ఎక్కువ భాగం గ్రానైటు నేల. నీళ్ళు నిలిచేది రాతి పగుళ్ళలోనూ, పైన చివికిన పొరలోనూ. నేల పరిమాణంలో నీటిని ఇచ్చే ఖాళీ రెండు శాతం దగ్గర ఉందనుకుందాం. 50 మిల్లీమీటర్ల నీరు లోపలికి ఇంకితే మట్టం రెండున్నర మీటర్లు లేస్తుంది. ఒక్క వానకు బోరు బతికిందని ఊరంతా సంబరపడేది ఇందుకే. తోడినప్పుడు కూడా అదే లెక్క, అంతే వేగంగా పడుతుంది. నాలుగు తడులకే బోరు వట్టిపోతుంది. ఇసుక నేలల గోదావరి జిల్లాల్లో అంతే నీటికి మట్టం ఇంత ఎగరదు, ఇంత పడదు. అంటే మట్టం ఎంత వేగంగా మారిందన్నది చూసి నీళ్ళు ఎంత పోయాయో చెప్పలేం. రాయి ఏదో కూడా తెలియాలి.

ఇదే లెక్కను వెనక్కి కూడా తిప్పుతారు. బెలుం గుహల్లో పైనుంచి వేలాడే సున్నపు ఊడలు సాధారణంగా ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు పెరుగుతాయని అంటారు. ఆ లెక్కన మీటరు ఊడకు పదివేల ఏళ్ళు. గైడు చెప్పడానికి బాగుంటుంది. కానీ నీటి చుక్క ఆగిపోతే ఊడ కూడా ఆగిపోతుంది, వెయ్యేళ్ళు ఆగి మళ్ళీ మొదలుపెట్టినా బయటికి తెలియదు. అందుకే శాస్త్రవేత్తలు వేగం నుంచి వయసు కట్టరు. ఊడను కోసి, ఒక్కో పొరలో యురేనియం, థోరియం పాళ్ళు చూసి వయసు తీస్తారు, దాన్నుంచి ఏ కాలంలో ఎంత వేగంగా పెరిగిందో చెబుతారు. పాత వానకాలాల చరిత్ర రాస్తున్నది ఇలాంటి గుహల నుంచే.

గంటకు 3.6 టీఎంసీలు

ముందే చెప్పడం నిజంగా ఎక్కడ కుదురుతుందంటే, నదుల్లో. అదెలాగో 2009 అక్టోబరు చూపిస్తుంది, అందులోని ఇబ్బందులతో సహా.

ఆ ఏడాది దేశానికి కరువు. ఏప్రిల్‌లో వాతావరణ శాఖ నైరుతి వానలు సగటులో 96 శాతం పడతాయని అంచనా వేసింది. చివరికి పడింది 78 శాతం. అంత కరువు ఏడాదిలో సెప్టెంబరు ఆఖరున నాలుగు రోజుల వాన కర్నూలు, మహబూబ్‌నగర్, ఉత్తర కర్ణాటకలను ముంచేసింది. అక్టోబరు 2న కర్నూలు పాతబస్తీలోకి తుంగభద్ర, హంద్రీ కలిసి వచ్చాయి. కింద శ్రీశైలం నిండి ఉండటంతో నీరు పోయే దారి లేదు. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులైతే అప్పుడు 896 అడుగులు దాటింది. వచ్చిన నీరు ఒక దశలో 25 లక్షల క్యూసెక్కులను దాటింది.

ఈ అంకె ఎంతటిదో చూడటానికి సీమలో నీళ్ళ గురించి మాట్లాడే ఎవరికైనా తెలిసిన లెక్క చాలు. 11,574 క్యూసెక్కులు రోజంతా పారితే ఒక టీఎంసీ. డ్యామ్‌లో నిల్వ మారే వేగం అంటే వచ్చేదానికీ పోయేదానికీ తేడా, అంతకు మించి ఏమీ లేదు. ఆ తేడా 10 లక్షల క్యూసెక్కులు అనుకున్నా గంటకు 3.6 టీఎంసీలు నిల్వలో చేరుతుంటాయి. రోజు మొత్తం అలాగే సాగితే 86 టీఎంసీలు. 215 టీఎంసీల డ్యామ్‌కు ఇక ఎన్ని గంటలు మిగిలాయో నోటి లెక్కతో తేలిపోతుంది. కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నవాళ్ళ టెన్షన్ ఏమిటో ఈ భాగహారంలో ఉంది.

ఇందులో ఒక మెలిక ఉంది. వరద తగ్గుముఖం పట్టిందని టీవీలో స్క్రోలింగ్ వస్తుంది, మట్టం మాత్రం పెరుగుతూనే ఉంటుంది. జనానికి అబద్ధం చెబుతున్నారనిపిస్తుంది. అబద్ధం కాదు. ఇన్‌ఫ్లో 25 లక్షల నుంచి 18 లక్షలకు పడిపోయినా, బయటికి పోయేది 14 లక్షలైతే, ఇంకా నాలుగు లక్షలు లోపల చేరుతున్నాయి. మట్టం పెరిగే వేగం తగ్గింది, మట్టం తగ్గలేదు. రెండూ సమానమయ్యే గంట దాకా మట్టం ఎక్కుతూనే ఉంటుంది. వరదల్లో ఇల్లు ఎప్పుడు ఖాళీ చేయాలో, ఎప్పుడు తిరిగి రావచ్చో నిర్ణయించుకునేవాళ్ళకు ఈ తేడా తెలియడం చాలా ముఖ్యం. ఇంత ముఖ్యమైనదాన్ని వార్తల్లో ఎందుకు విడమరచి చెప్పరో నాకు అర్థం కాదు.

నది విషయంలో జోస్యం ఎందుకు కుదురుతుందంటే, పైన కనబడ్డ నీరే కిందికి వస్తుంది కాబట్టి. హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యామ్ గేట్లు ఎత్తి వదిలిన నీరు మంత్రాలయం దాటి, సుంకేసుల దాటి కర్నూలుకు రావలసిందే. దారిలో కేంద్ర జలసంఘం మట్టం కొలుస్తూ ఉంటుంది. ఇది గంటల లెక్కలో, ఒకటి రెండు రోజుల లెక్కలో చెప్పే జోస్యం. నది పొడవు తగ్గితే వ్యవధి కూడా తగ్గిపోతుంది. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరు మీద, అప్పటి కడప జిల్లాలోని అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. పైన పింఛా ప్రాజెక్టు కట్ట తెగి వచ్చిన నీరు తోడైంది. పులపత్తూరు, మందపల్లె, తొగురుపేట లాంటి ఊళ్ళకు మిగిలిన సమయం రోజుల్లో కాదు, నిమిషాల్లో. కొండవాగులు, కట్ట తెగిన నీళ్ళు వచ్చే చోట ఎంత గొప్ప లెక్క ఉన్నా, ఆ లెక్క ఇంటి గుమ్మం దాకా చేరే వేగం వరద వేగం కన్నా ఎక్కువ ఉండాలి.

2009 తర్వాత "వందేళ్ళకోసారి వచ్చే వరద" అన్న మాట బాగా వాడుకలోకి వచ్చింది. వచ్చిపోయింది కదా, ఇంక మన జీవితంలో రాదని హంద్రీ ఒడ్డున మళ్ళీ ఇళ్ళు లేచాయి. ఈ మాటకు అర్థం అది కాదు. ఏ సంవత్సరమైనా అంతటి వరద రావడానికి నూటికి ఒక వంతు అవకాశం ఉందని మాత్రమే. కిందటేడు వచ్చిందా లేదా అన్నది నదికి గుర్తుండదు. ముప్పై ఏళ్ళ లోను పెట్టి ఒడ్డున ఇల్లు కట్టుకున్నవాళ్ళకు, ఆ లోను తీరేలోపు అలాంటి వరద కనీసం ఒక్కసారైనా వచ్చే అవకాశం 26 శాతం. నాలుగింట ఒక వంతుకు పైనే. వందేళ్ళు గడిచినా తప్పకుండా రావాలనీ లేదు, అప్పుడు కూడా 63 శాతమే. ఈ అంకెల కింద ఇంకో ఊహ దాగుంది. వర్షాలు, అడవులు, నది గర్భం అన్నీ పాత రికార్డు ఉన్న కాలంలో ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయన్న ఊహ. అది ఏటికేడు బలహీనపడుతోంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే అనంతపురం పట్టణంలోనే 2022 అక్టోబరులో వంకలు పొంగి కాలనీలు మునిగాయి. సగటు వాన తక్కువ అన్నంత మాత్రాన ఒక్క రాత్రి వాన తక్కువగా ఉండాలని ఏముంది?

వేగం తెలిసినా తేదీ దొరకని చోట

భూకంపాల దగ్గరకు వచ్చేసరికి ఈ పద్ధతి మొత్తం మొరాయిస్తుంది. భూఫలకం ఏడాదికి ఎన్ని సెంటీమీటర్లు జరుగుతోందో తెలుసు. ఎక్కడ ఒత్తిడి పేరుకుంటోందో తెలుసు. అయినా తేదీ రాదు. ఎండు కట్టెను రెండు చేతులతో నిదానంగా వంచండి. ఎంత వేగంగా వంచుతున్నారో మీకు తెలుసు, విరుగుతుందనీ తెలుసు. ఏ క్షణాన విరుగుతుందో మాత్రం లోపలి పగులుకే తెలుసు.

ఇందుకు పుస్తకాల్లోకి ఎక్కిన ఉదాహరణ కాలిఫోర్నియాలోని పార్క్‌ఫీల్డ్. అక్కడ 1857, 1881, 1901, 1922, 1934, 1966లలో దాదాపు ఒకే తీరు భూకంపాలు వచ్చాయి. సగటున 22 ఏళ్ళకోసారి. అమెరికా శాస్త్రవేత్తలు తర్వాతది 1988 చుట్టుపక్కల, 95 శాతం నమ్మకంతో 1993లోపే వస్తుందన్నారు. ఊరి చుట్టూ పరికరాలు పాతి కాచుక్కూర్చున్నారు. భూకంపం వచ్చింది, 2004 సెప్టెంబరు 28న. చోటు సరిపోయింది, తీవ్రత సరిపోయింది, సమయం పదకొండేళ్ళు తప్పింది. అన్ని పరికరాలున్నా ముందస్తు సంకేతమనదగ్గది ఏదీ దొరకలేదు. ప్రపంచంలో అంత క్రమం తప్పకుండా భూకంపాలు వస్తాయని పేరున్న చోటే ఇది.

మన దక్కన్ పీఠభూమిలో వంగే వేగం కూడా చాలా తక్కువ, ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు. తక్కువ వేగం కదా, భయం లేదని ఒకప్పుడు అనుకున్నారు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున లాతూరు దగ్గర కిల్లారి కూలిపోయింది. పదివేల మంది దాకా చనిపోయారు. అది దేశ భూకంప పటంలో అన్నిటికన్నా తక్కువ ప్రమాదమని గుర్తించిన ప్రాంతం. తక్కువ వేగానికి అర్థం భూకంపం రాదని కాదు, రెండు భూకంపాల మధ్య వ్యవధి చాలా ఎక్కువ అని. ఆ వ్యవధి మన రికార్డుల వయసును దాటిపోతే, పుస్తకంలో ఖాళీ పేజీ కనబడుతుంది. ఖాళీ పేజీని చూసి ఏమీ జరగలేదనుకుంటాం. అందుకే ఫలానా తేదీన భూకంపమని వాట్సాప్‌లో వచ్చేది ఎవరు పంపినా చదవకుండానే తీసేయొచ్చు. ఇల్లు ఎంత గట్టిగా కట్టాలో చెప్పే పటాలను మాత్రం చదవాలి.

కడప వాళ్ళు ఇంత దూరం కూడా వెళ్ళక్కర్లేదు. 2015 చివర్లో, భారీ వానల తర్వాత చింతకొమ్మదిన్నె మండలం నాయనోరిపల్లె చుట్టుపక్కల పొలాల్లో నేల ఉన్నట్టుండి గుండ్రంగా కుంగి గుంతలు పడ్డాయి. జనం హడలిపోయారు. భూగర్భ సర్వే శాఖ వాళ్ళు వచ్చి చూశారు. ఆ కింద ఉన్నది సున్నపురాయి. వాననీరు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకుని కొంచెం ఆమ్లంగా మారి సున్నపురాయిని కరిగిస్తుంది. ఈ కరిగే వేగం చాలా తక్కువ, ఒక మనిషి జీవితకాలంలో కంటికి ఆనదు. అలా వేల ఏళ్ళలో లోపల బోలు ఏర్పడుతుంది. ఆ బోలులో నీరు నిండి ఉన్నన్నాళ్ళు పైకప్పుకు కొంత ఊతం ఉంటుంది. కరువేళల్లో బోర్లతో తోడేస్తే ఊతం పోతుంది. తర్వాత పెద్ద వాన పడితే పైమట్టి తడిసి బరువెక్కి, పగుళ్ళ గుండా లోపలికి జారుతుంది. గంటలో గుంత. కరిగే వేగం ఎంత బాగా కొలిచినా గుంత పడే రోజు అందులోంచి రాదు. ఎక్కడ పడవచ్చో మాత్రం చెప్పగలం. సున్నపురాయి పటం, బోర్ల లెక్క, ఎక్కువ కరువు తర్వాత ఎక్కువ వాన, ఈ మూడూ కలిసిన చోట జాగ్రత్త పడాలి.

వేగమే పెరుగుతున్నప్పుడు

ముందే చెప్పగలిగే నదులకూ, తేదీ దొరకని భూకంపాలకూ మధ్యలో ఉన్నవి వాలులు. కొండచరియలు, గని అంచులు. ఇవి కూలే ముందు చాలాసార్లు నెమ్మదిగా జారడం మొదలుపెడతాయి. ఆ జారుడు ఒకే వేగంలో ఉంటే ఏళ్ళు గడిచిపోవచ్చు. వేగం రోజురోజుకూ పెరుగుతోందంటే సంగతి వేరు. జపాన్‌లో దీనికి ఒక తేలికైన ఉపాయం కనిపెట్టారు. జారే వేగాన్ని కాదు, ఒకటిని ఆ వేగంతో భాగించగా వచ్చిన అంకెను రోజువారీగా గీయాలి. వేగం రోజుకు రెండు సెంటీమీటర్లు, మర్నాడు మూడు, ఆ మర్నాడు ఆరు అయితే, ఆ అంకె అర, మూడో వంతు, ఆరో వంతు అవుతూ కిందికి దిగుతుంది. ఆ గీతను పొడిగిస్తే సున్నాను ఎక్కడ తాకుతుందో, కూలేది దాదాపు ఆ సమయానికే. మొత్తం భూవిజ్ఞానంలో తేదీకి ఇంత దగ్గరగా వచ్చే పద్ధతులు చాలా తక్కువ.

అంతమాత్రాన గండం గడిచినట్టు కాదు. ఇటలీలో వయోంత్ డ్యామ్ పక్కన ఉన్న కొండ జారుతోందని ఇంజనీర్లకు మూడేళ్ళ ముందు నుంచీ తెలుసు. వేగం రోజూ కొలిచేవాళ్ళు. జలాశయం మట్టం తగ్గిస్తే జారుడు నెమ్మదిస్తుందని రెండుసార్లు చూశారు, కాబట్టి అది తమ చేతిలోనే ఉందనుకున్నారు. మూడోసారి తగ్గిస్తుండగానే వేగం పెరిగింది. 1963 అక్టోబరు 9 రాత్రి దాదాపు 27 కోట్ల ఘనపు మీటర్ల కొండ ఒక్కసారిగా జలాశయంలో పడింది. నీరు డ్యామ్ మీదుగా ఎగిరి కింది ఊళ్ళ మీద పడింది. రెండు వేల మంది పోయారు. డ్యామ్‌కు పెద్దగా ఏమీ కాలేదు.

మన దగ్గర మంగంపేట ముగ్గురాయి గని లాంటి లోతైన ఓపెన్‌కాస్ట్ గనుల్లో పనిచేసేవాళ్ళకు ఇది దూరపు కథ కాదు. ప్రపంచవ్యాప్తంగా పెద్ద గనుల్లో ఇప్పుడు ఎదుటి గట్టు మీద రాడార్ పెట్టి, మిల్లీమీటరు కదిలినా పట్టుకుంటున్నారు. కొలవడం వరకు సమస్య దాదాపు తీరింది. మిగిలింది ఒక అంకె. గంటకు ఎన్ని మిల్లీమీటర్లు దాటితే సైరన్ మోగాలి? తక్కువ పెడితే వాన పడ్డ ప్రతిసారీ, దుమ్ము లేచిన ప్రతిసారీ మోగుతుంది, షిఫ్టు ఆగుతుంది, యాజమాన్యం సణుగుతుంది, నాలుగోసారికి కూలీలు కూడా పైకి రావడం మానేస్తారు. ఎక్కువ పెడితే మోగేసరికి ర్యాంపు ఎక్కే టైము ఉండదు. ఆ అంకెను ఏ సమీకరణమూ ఇవ్వదు. గనిలో దిగేవాళ్ళను కూడా కూర్చోబెట్టుకుని, అడుగు నుంచి పైకి రావడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో ముందు గడియారం పెట్టి చూసి, అక్కడి నుంచి వెనక్కి లెక్కగట్టాలి.